కమ్యూనిటీ కాలేజీలో క్లబ్బులు, స్టూడెంట్ గవర్నమెంట్, క్యాంపస్ లైఫ్: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియా బే ఏరియాలో డి ఆంజా, ఫుట్‌హిల్, ఒలోనీ, మిషన్ లాంటి కమ్యూనిటీ కాలేజీల్లో (రెండేళ్ళ కాలేజీలు) చదువుతున్న మన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. రూల్స్ అన్నీ కాలిఫోర్నియావి, మీరు టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే అక్కడి కాలేజీ వాళ్ళని అడగాల్సిందే. వీసా సంగతులు మాత్రం దేశమంతా ఒకటే.

అసలు కమ్యూనిటీ కాలేజీలో క్యాంపస్ లైఫ్ ఉంటుందా? క్లాస్ అవ్వగానే అందరూ పార్కింగ్ లాట్‌కి పోతారు కదా?

పోతారు, అందులో అబద్ధం ఏమీ లేదు. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉంటే వాటిల్లో హాస్టల్ ఉన్నవి చాలా తక్కువ, కోస్టా మెసాలో ఆరెంజ్ కోస్ట్ కాలేజీ వాళ్ళు 2020లో పెద్ద హాస్టల్ ఒకటి తెరిచారు కానీ మన బే ఏరియా పిల్లలు దాదాపు అందరూ ఇంటి నుంచో షేరింగ్ రూమ్ నుంచో వచ్చి వెళ్ళేవాళ్ళే. పక్క బెంచీలో పదహారేళ్ళ హైస్కూల్ పిల్ల ఉంటుంది, ఇటుపక్క ఇద్దరు పిల్లల తండ్రి ఉంటాడు, ఆయన ఆరింటికి షిఫ్ట్‌కి వెళ్ళాలి. ఇంజనీరింగ్ కాలేజీలో లాగా సీనియర్లు వచ్చి పేరు అడగడం, ఫ్రెషర్స్ డే పెట్టడం, మొత్తం బ్యాచ్ ఒకే క్యాంటీన్‌లో కూర్చోవడం, ఇవేవీ ఉండవు. పొద్దున పదకొండుకి కళకళలాడే క్యాంపస్ సాయంత్రం నాలుగుకి ఖాళీ.

మరి లైఫ్ ఎక్కడుందంటే మధ్యాహ్నం. చాలా కాలేజీల్లో వారంలో ఒకటో రెండో రోజులు మధ్యాహ్నం పూట కాలేజ్ అవర్ అని క్లాసులు తక్కువ పెట్టి ఒక గంట వదుల్తారు, క్లబ్ మీటింగులు, గెస్ట్ లెక్చర్లు, స్టూడెంట్ సెనేట్ (స్టూడెంట్లు ఎన్నుకునే సభ) పనులు అన్నీ ఆ టైమ్ చుట్టూనే జరుగుతాయి. టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడే ఆ గంట ఖాళీగా ఉంచుకున్నవాడికి క్యాంపస్ లైఫ్ ఉంటుంది, రెండు క్లాసులు వెనకా ముందూ ఇరికించుకుని ఒంటిగంటకల్లా ఇంటికెళ్ళిపోయేవాడికి ఉండదు. ఇక్కడ ఎవరూ చెయ్యి పట్టుకుని లాగరు, అదొక్కటీ ముందే తెలిస్తే సగం నిరాశ తగ్గుతుంది.

మా అబ్బాయిని చదువుకోమని పంపితే క్లబ్బులు అంటున్నాడు. టైమ్ వేస్ట్ కాదా?

లెక్క వేసి చూద్దామండి. ఒక యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాస్, దానికి రెండు గంటలు ఇంటి చదువు అని కాలేజీలే చెప్తాయి. 12 యూనిట్లు తీసుకుంటే వారానికి 36 గంటలు. 16 తీసుకుంటే 48. క్లబ్‌లో మామూలు మెంబర్‌గా ఉంటే వారానికి ఒక గంట, ఆఫీసర్‌గా ఉంటే మూడు నాలుగు గంటలు. కాబట్టి 12 యూనిట్ల పిల్లాడు ఒక క్లబ్‌లో ఉంటే ఏమీ మునిగిపోదు, 18 యూనిట్లు తీసుకుని షాపులో పార్ట్ టైమ్ చేస్తూ స్టూడెంట్ సెనేట్‌కి కూడా పోటీ చేస్తానంటే మాత్రం మీరు కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే.

ఇంకో మాట, ట్రాన్స్‌ఫర్ (ఇక్కడ చదివి నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారడం) కోసం క్లబ్బులు తప్పనిసరి అని ఎవరో వాట్సాప్‌లో చెప్పింది విని కంగారు పడేవాళ్ళు ఎక్కువ. శాన్ హోసే స్టేట్ లాంటి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్‌కి ప్రధానంగా కోర్సులూ జీపీఏ చూస్తాయి, క్లబ్ ప్రెసిడెంట్‌వా అని అడగవు. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటికి ట్యాగ్ అని ఒక ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఉంది, అందులో కూడా ఆడేది జీపీఏ, యూనిట్లు, ఆ మేజర్‌కి కావాల్సిన కోర్సులు. కొన్ని మేజర్లకి ఆ గ్యారంటీ ఉండదు, అది మర్చిపోకండి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకి ట్యాగ్ లేదు, బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటి చోట అప్లికేషన్ మొత్తం చదువుతారు, అక్కడ బయటి పనులకి విలువుంది. అంటే క్లబ్బు అనేది జీపీఏ పడిపోతే కాపాడే వస్తువు కాదు, జీపీఏ బాగున్న ఇద్దర్లో ఒకర్ని ఎంచుకునే దగ్గర పనికొచ్చే వస్తువు.

క్లబ్బులు ఎక్కడ దొరుకుతాయి?

టర్మ్ మొదలైన కొన్ని వారాలకి క్లబ్ డే అనో క్లబ్ రష్ అనో ఒక రోజు పెడతారు. మెయిన్ క్వాడ్‌లో (క్యాంపస్ మధ్యలో ఖాళీ స్థలం) మడత బల్లలు వరసగా వేసి ఒక్కో బల్లకీ ఒక్కో క్లబ్, రంగు కాగితాల మీద మార్కర్‌తో రాసిన పేర్లు, ఒకచోట రోబో తిరుగుతుంటుంది, ఒకచోట చెస్ బోర్డు, ఒకచోట వియత్నమీస్ పిల్లలు స్నాక్స్ పంచుతుంటారు, అందరి దగ్గరా ఒక క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే డిస్కార్డ్ గ్రూప్‌లోకి వెళ్తారు. పదిహేను చోట్ల స్కాన్ చేసి ఫోన్ నిండా నోటిఫికేషన్లు పెట్టుకుని తర్వాత ఒక్క మీటింగ్‌కీ వెళ్ళకపోవడం అందరూ చేసే పనే. ఆ రోజు మిస్సయితే స్టూడెంట్ లైఫ్ ఆఫీస్‌కి వెళ్ళి లిస్ట్ అడగండి, కాలేజ్ వెబ్‌సైట్‌లో లిస్ట్ కంటే ఆఫీస్‌లో మనిషిని అడగడం మంచిది ఎందుకంటే వెబ్‌సైట్‌లో ఉన్న క్లబ్బుల్లో కొన్ని పోయినేడాదే మూతపడి ఉంటాయి.

ఏ మీటింగ్‌కైనా వెళ్ళి ఒక గంట కూర్చుని నచ్చకపోతే వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

తెలుగు క్లబ్ పెట్టొచ్చా? లేకపోతే ఇండియన్ క్లబ్‌లో చేరిపోవాలా?

పెట్టొచ్చు. కొత్త క్లబ్‌కి కావాల్సినవి దాదాపు అన్ని కాలేజీల్లో ఒకటే: కాలేజ్ చెప్పినంతమంది స్టూడెంట్లు, ప్రెసిడెంట్ ట్రెజరర్ లాంటి ఆఫీసర్లు, ఒక రాజ్యాంగం (నవ్వకండి, రెండు మూడు పేజీల కాగితమే, నమూనా ఆఫీస్‌లోనే ఇస్తారు), అన్నిటికంటే ముఖ్యంగా ఒక అడ్వైజర్. అడ్వైజర్ అంటే కాలేజీలో పనిచేసే ప్రొఫెసరో స్టాఫో అయ్యుండాలి, ఊళ్ళో ఉన్న మీ బాబాయ్ కుదరదు. చాలా క్లబ్బులు ఆగిపోయేది ఈ అడ్వైజర్ దగ్గరే. తెలుగు తెలిసిన ప్రొఫెసరే కావాలని పట్టుబట్టకండి, మీ క్లాసులో మీరంటే కాస్త మంచి అభిప్రాయం ఉన్న మ్యాథ్స్ ప్రొఫెసర్‌ని ఆఫీస్ అవర్స్‌లో కలిసి, ఏం పని ఉంటుందో, ఎన్ని సంతకాలు ఉంటాయో, ఎన్ని ఈవెంట్లకి రావాలో ముందే చెప్పి అడగండి. మెయిల్ పెట్టి ఊరుకుంటే జవాబు రాదు.

కాగితాలు అయ్యాక ఇంటర్ క్లబ్ కౌన్సిల్ లాంటి ఒక కమిటీ ఓటేసి ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఆ కౌన్సిల్ మీటింగ్‌లకి మీ క్లబ్ నుంచి ఒకళ్ళు వెళ్తూ ఉండాలి, వరసగా ఎగ్గొడితే క్లబ్‌ని ఇనాక్టివ్ చేసేస్తారు. బోరు కొట్టే పని, కానీ డబ్బులు పంచేది అక్కడే.

తెలుగు క్లబ్ విషయంలో నా అభిప్రాయం అడిగితే, పది మంది నిజంగా ఉంటేనే పెట్టండి. ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి పెట్టింది ఆ ఐదుగురూ ట్రాన్స్‌ఫర్ అవ్వగానే పోతుంది. తెలుగుతనం కావాలంటే బయట బాటా (బే ఏరియా తెలుగు అసోసియేషన్) ఉంది, తెలుగు నేర్పే మనబడి ఉంది, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ళ ప్రోగ్రాములు ఉన్నాయి, వాటిల్లో వాలంటీర్లు ఎప్పుడూ కావాలి. క్యాంపస్‌లో మాత్రం ఇండియన్ లేదా సౌత్ ఏషియన్ క్లబ్‌లో చేరి దాంట్లో సంక్రాంతి, ఉగాది పెట్టించడం తేలిక, పైగా పంజాబీ పిల్లలూ నేపాలీ పిల్లలూ వచ్చి ముగ్గు వేస్తారు, అదొక సరదా.

బతుకమ్మ సంగతి వేరే. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ సిస్టమ్ కాబట్టి ఫాల్ క్లాసులు సెప్టెంబర్ చివర్లో మొదలవుతాయి, బతుకమ్మ కొన్నేళ్ళు సరిగ్గా అప్పుడే వచ్చి పడుతుంది, క్లబ్బులు ఇంకా రిజిస్ట్రేషన్‌లోనే ఉంటాయి, రూమ్ బుక్ చేసే అధికారం కూడా రాదు. చెయ్యాలనుకుంటే పోయిన స్ప్రింగ్‌లోనే తేదీ, స్థలం అడిగి పెట్టుకోవాలి. ఒలోనీ, మిషన్ సెమిస్టర్ కాలేజీలు, ఆగస్టులోనే మొదలవుతాయి కాబట్టి వాళ్ళకి కాస్త వీలు.

క్యాంపస్‌లో దీపావళి చెయ్యాలంటే ఏమేం పర్మిషన్లు?

ఇది అడిగారు కాబట్టి మొత్తం చెప్తాను, ఎందుకంటే ఒక ఈవెంట్ మొదట్నుంచి చివరిదాకా చేస్తే కాలేజ్ ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది.

మొదట రూమ్. తేదీకి వారాల ముందే రిక్వెస్ట్ పెట్టాలి, అందులో ఎంతమంది వస్తారు, మైక్ కావాలా, బల్లలు ఎన్ని, ఎన్నింటికి ఖాళీ చేస్తారు అన్నీ రాయాలి. సాయంత్రం ఆలస్యమైతే అడ్వైజర్ అక్కడే ఉండాలి అంటారు, ఆవిడకి పిల్లలు ఉంటే ఏడింటికి ముగించుకోవడం మీకే మంచిది. తర్వాత దీపాలు: మంట ఉన్న దేనికైనా ఫైర్ సేఫ్టీ వాళ్ళ అనుమతి కావాలి, లోపల రూమ్‌లో దాదాపు ఇవ్వరు. కాబట్టి బ్యాటరీ దీపాలు. మట్టి ప్రమిదల్లో బ్యాటరీ దీపాలు పెడితే దూరం నుంచి బాగానే ఉంటుంది, కాకరపువ్వొత్తులు మాత్రం అడగను కూడా అడగకండి. రంగోలీ నేల మీద నేరుగా రంగులతో వేస్తే క్లీనింగ్ చార్జీ పడుతుంది, పెద్ద పేపర్ షీట్ పరిచి దానిమీద వేసి తర్వాత చుట్టి తీసేయండి.

తిండి దగ్గర అసలు గొడవ. ఇంట్లో చేసిన పులిహోర, మీ అమ్మగారి గారెలు పబ్లిక్ ఈవెంట్‌లో పంచడానికి చాలా కాలేజీలు ఒప్పుకోవు, లైసెన్స్ ఉన్న రెస్టారెంట్ నుంచి తేవాలి, కొన్నిచోట్ల కాలేజ్ క్యాంటీన్‌కి ముందు చెప్పి మినహాయింపు తీసుకోవాలి. సమోసాలు తెప్పించడమే అందరూ చేసేది. డబ్బు విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తున్నా, క్లబ్ డబ్బు ఎవరి సొంత అకౌంట్‌లోనూ పెట్టొద్దు. క్లబ్ అకౌంట్ కాలేజ్ దగ్గరే ఉంటుంది, ఖర్చు పెట్టాలంటే ముందు మీటింగ్‌లో ఓటు వేసి మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాసి, ఫారం నింపి, ట్రెజరరూ అడ్వైజరూ సంతకం పెట్టాక డబ్బు వస్తుంది. ముందు క్రెడిట్ కార్డు గీకి తర్వాత రసీదు పట్టుకెళ్తే అప్రూవల్ తేదీ కంటే రసీదు తేదీ ముందుంది అని తిప్పి పంపుతారు, అప్పుడు ఆ 200 డాలర్లు మీ జేబులోంచే.

పోస్టర్ గోడకి అంటించే ముందు ఆఫీస్‌లో స్టాంపు వేయించుకోవాలి. స్టాంపు లేనివి పీకేస్తారు.

 

స్టూడెంట్ గవర్నమెంట్ అంటే పేరుకేనా, నిజంగా ఏమైనా పవర్ ఉంటుందా?

మనవాళ్ళు అస్సలు పట్టించుకోనిది ఇదే, నా దృష్టిలో కమ్యూనిటీ కాలేజీలో అన్నిటికంటే పనికొచ్చేదీ ఇదే. మన డిగ్రీ కాలేజీల్లో స్టూడెంట్ ఎన్నికలు అనే మాట విని చాలాకాలమైంది, అందుకని ఇక్కడ కూడా ఏదో స్కూల్ లీడర్ బ్యాడ్జీ లాంటిది అనుకుంటారు.

కాలిఫోర్నియాలో ఇది చట్టంలో ఉంది. ప్రతి కమ్యూనిటీ కాలేజ్ డిస్ట్రిక్ట్ బోర్డులో (కాలేజీల్ని నడిపే పాలక మండలి) ఒక స్టూడెంట్ ట్రస్టీ కూర్చుంటారు, ఆ ఓటు లెక్కకి రాదు, సలహా ఓటే, కానీ మైకు ఉంటుంది, రికార్డులో ఉంటుంది. అంతకంటే పెద్దది నైన్ ప్లస్ వన్ అని పిలిచే రూలు: గ్రేడింగ్ విధానం, క్రమశిక్షణ రూల్స్, కొత్త కోర్సులు పెట్టడం ఉన్నవి తీసెయ్యడం, బడ్జెట్ తయారుచేసే పద్ధతి, స్టూడెంట్ సర్వీసులు, ఫీజులు, ఇలా తొమ్మిది విషయాలూ ఇంకా ఒప్పుకున్న ఏ విషయమైనా సరే, వాటి మీద నిర్ణయం తీసుకునే ముందు స్టూడెంట్లని అడగాలి. అందుకని కాలేజ్‌లో ప్రతి పెద్ద కమిటీలో స్టూడెంట్ల కోసం కుర్చీలు ఉంటాయి, వాటిల్లో చాలా కుర్చీలు ఖాళీగా ఉంటాయి, వస్తామన్నవాడికి ఇచ్చేస్తారు. పందొమ్మిదేళ్ళ పిల్ల కాలేజ్ వైస్ ప్రెసిడెంట్ పక్కన కూర్చుని ట్యూటరింగ్ సెంటర్ గంటలు ఎందుకు తగ్గిస్తున్నారు అని అడగొచ్చు, ఆయన జవాబు చెప్పాలి. ఏ ఇంటర్న్‌షిప్‌లో దొరుకుతుంది ఇది?

పోటీ చెయ్యాలంటే చట్టం ప్రకారం కనీసం 5 యూనిట్లు చదువుతూ ఉండాలి, జీపీఏ కాలేజ్ పెట్టుకున్నదాన్ని బట్టి, మామూలుగా 2.0. ఓటింగ్ శాతం చాలా తక్కువ ఉంటుంది, అంటే మీ రెండు క్లాసుల వాళ్ళూ మీ క్లబ్ వాళ్ళూ ఓటేస్తే గెలిచే పదవులు ఉన్నాయి. పోటీ లేని సీట్లు కూడా ఉంటాయి. ఎన్నికలంటే భయమైతే కమిటీ సీటుకి అడగండి, దానికి ఎన్నిక అక్కర్లేదు.

మీటింగులు మాత్రం పక్కా ప్రభుత్వ మీటింగుల్లాగే ఉంటాయి. బ్రౌన్ యాక్ట్ (ప్రభుత్వ మీటింగులు అందరికీ తెరిచి ఉండాలనే కాలిఫోర్నియా చట్టం) ప్రకారం 72 గంటల ముందు అజెండా బయట పెట్టాలి, అజెండాలో లేని విషయం మీద ఓటింగ్ ఉండదు, బయటివాళ్ళు ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మొదటి రెండు మీటింగ్‌లకి మోషన్, సెకండ్, అబ్‌స్టెయిన్ అనే మాటలు వినిపించడం తప్ప ఏమీ అర్థం కాదు. మూడోదానికి వస్తుంది. బడ్జెట్ సీజన్‌లో మాత్రం కూర్చుని చూడండి, ట్రాక్ టీమ్ వాళ్ళు బస్ ఖర్చుకి, మ్యూజిక్ వాళ్ళు వాయిద్యాలకి, ఫుడ్ ప్యాంట్రీ (స్టూడెంట్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) వాళ్ళు బియ్యానికి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి అడుగుతుంటే స్టూడెంట్లే ఎవరికి ఎంతో తేల్చాలి, అందరికీ సరిపడా డబ్బు ఎప్పుడూ ఉండదు.

ఫీజు బిల్లులో స్టూడెంట్ రిప్రజెంటేషన్ ఫీ 2 డాలర్లు అని ఉంది, కట్టాలా?

వద్దంటే తీసేయించుకోవచ్చు, ఫారం ఉంటుంది. అందులో సగం రాష్ట్ర స్థాయి స్టూడెంట్ సెనేట్‌కి వెళ్తుంది, మిగతా సగం మీ కాలేజ్ పిల్లలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వెళ్ళి మాట్లాడటం లాంటి వాటికి. సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు అనే రేటు 2012 నుంచి పెరగలేదు, ఫీజుల మీద స్టూడెంట్ల గొంతు ఒకటి ఉండటం మంచిదే కదా, 2 డాలర్లు ఉంచేయండి అంటాను నేను. స్టూడెంట్ బాడీ ఫీ అని వేరేది ఉంటే దాంతో వచ్చే కార్డు మీద ఏమేం డిస్కౌంట్లు ఉన్నాయో చూసుకుని నిర్ణయించుకోండి.

నేను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను, వీటిల్లో ఏవి చెయ్యొచ్చు?

క్లబ్బులు, స్టూడెంట్ గవర్నమెంట్, టీములు, నాటకాలు, అన్నీ చెయ్యొచ్చు. 12 యూనిట్లు మాత్రం తగ్గకూడదు, అందులో లెక్కకి వచ్చేది ఒక్క ఆన్‌లైన్ క్లాసే, ఈవెంట్ హడావిడిలో పడి క్లాస్ డ్రాప్ చేసి 12 కిందకి వెళ్ళారంటే స్టేటస్‌కే ఎసరు. డ్రాప్ బటన్ నొక్కే ముందు ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి వెళ్ళండి, తర్వాత కాదు.

డబ్బులొచ్చే పని అయితే క్యాంపస్‌లోనే, క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. కొన్ని కాలేజీల్లో స్టూడెంట్ గవర్నమెంట్ ఆఫీసర్లకి స్టైపెండ్ ఇస్తారు, అది కూడా పనికింద వస్తుందా అని మీ డీఎస్ఓని (వీసా వ్యవహారాలు చూసే కాలేజ్ అధికారి) మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. బయట ఎవరిదో రెస్టారెంట్‌లో వాలంటీర్ అని పేరు పెట్టి పనిచెయ్యడం వాలంటీరింగ్ కాదు, మనవాళ్ళల్లో కొందరు చెప్పే ఈ సలహా అస్సలు వినకండి.

మా అమ్మాయి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా). తను ఎక్కడా పనిచెయ్యకూడదు కదా, మరి ఏం చేస్తుంది?

వర్క్ పర్మిట్ లేకుండా జీతం తీసుకోకూడదు, క్యాంపస్ ఉద్యోగం కూడా కాదు. ఎఫ్-1 పిల్లలకి ఉన్న 20 గంటల వెసులుబాటు హెచ్-4కి లేదు, చాలామందికి ఇక్కడే తికమక. ఉద్యోగం లేని ఆ ఖాళీని క్లబ్ పదవులు, సెనేట్ కమిటీలు, లైబ్రరీలోనో ఫుడ్ బ్యాంకులోనో నిజమైన వాలంటీరింగ్ నింపుతాయి. కాలిఫోర్నియాలో హెచ్-4 పిల్లలు రెసిడెన్సీ చూపించి లోకల్ ఫీజే కట్టొచ్చు, అదొక ఊరట. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి మారాల్సి రావచ్చు, ఆ ప్లాన్ లాయర్‌తో ముందే మాట్లాడుకోండి, క్లబ్ సంగతి తర్వాత.

క్యాంపస్ జాబులు ఎక్కడుంటాయి?

ట్యూటరింగ్ సెంటర్‌లో మొదట అడగండి. కాల్క్యులస్‌లోనో కెమిస్ట్రీలోనో 'A' గ్రేడ్ వచ్చి, ప్రొఫెసర్ ఒక మాట చెప్తే తీసుకుంటారు, మన పిల్లలకి బాగా సరిపోయే పని. లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, అడ్మిషన్స్ ఆఫీస్, ఓరియెంటేషన్‌లో కొత్తవాళ్ళని తిప్పే అంబాసడర్ పని కూడా ఉంటాయి. ఫెడరల్ వర్క్ స్టడీ అని రాసున్నవి సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ లాంటివి ఉన్నవాళ్ళకి, ఎఫ్-1 వాళ్ళు అవి వదిలేసి మిగతావి చూసుకోండి. యూసీ అప్లికేషన్‌లో ఉద్యోగం రాయడానికి కూడా చోటుంది, పెట్రోల్ బంక్‌లో పనిచేసినా రాయొచ్చు, సిగ్గుపడే పనే లేదు.

పేపర్‌కి రాయాలని, నాటకాల్లో వెయ్యాలని ఉంది. క్లబ్బా, క్లాసా?

చాలాచోట్ల క్లాసు. డి ఆంజాలో లా వోజ్ అనే స్టూడెంట్ పేపర్‌ని జర్నలిజం క్లాస్ పిల్లలే నడుపుతారు, నాటకం, కోయిర్, ఆర్కెస్ట్రా కూడా ఇలాగే యూనిట్లతో వస్తాయి. అంటే రిజిస్టర్ అవ్వాలి, ఫీజు కట్టాలి, గ్రేడ్ వస్తుంది. దీనివల్ల లాభమేంటంటే 12 యూనిట్ల లెక్కలో ఒక భాగం ఇష్టమైన పనితోనే నిండుతుంది. మా సిస్టర్ సంగీతం నేర్చుకుంది, వోకల్ క్లాస్‌లో చేరొచ్చా అని ఒకళ్ళు అడిగారు, హాయిగా చేరొచ్చు, కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకి తాళం, చెవి రెండూ అప్పటికే ఉంటాయి, స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) చదవడం ఒక్కటే కొత్త.

స్పీచ్ అండ్ డిబేట్ టీమ్ ఉంటే దాన్ని మాత్రం వదలకండి. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే బెరుకు ఉన్నవాళ్ళు ముఖ్యంగా.

క్రికెట్ ఉంటుందా? స్పోర్ట్స్ స్కాలర్‌షిప్?

క్రికెట్ కాలేజ్ టీమ్‌గా ఉండదు, క్లబ్‌గా ఉంటే ఉంటుంది, లేకపోతే ఊళ్ళో లీగులు బోలెడు. సాకర్, టెన్నిస్, ట్రాక్, స్విమ్మింగ్ లాంటి అసలు టీముల్లో ఆడాలంటే 12 యూనిట్లు ఉండాలి, ట్రైఔట్లు ఉంటాయి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇవ్వవు. వేరే రాష్ట్రాల్లో ఎన్‌జేసీఏఏ (రెండేళ్ళ కాలేజీల క్రీడా సంఘం) కిందున్న కొన్ని కాలేజీలు ఇస్తాయి.

ఫై థీటా కప్పా అని మెయిల్ వచ్చింది, డబ్బు కట్టమంటున్నారు. స్కామా?

కాదు, నిజమైనదే. రెండేళ్ళ కాలేజీల హానర్ సొసైటీ (బాగా చదివేవాళ్ళ సంఘం), 1918 నుంచి ఉంది, మామూలుగా 12 యూనిట్లు పూర్తిచేసి 3.5 జీపీఏ ఉంటే పిలుస్తారు. మీ కాలేజ్‌లో చాప్టర్ ఉందో లేదో ఆఫీస్‌లో కనుక్కుని, ఆ మెయిల్ లింక్‌లో కాకుండా చాప్టర్ ద్వారా చేరండి, ఎందుకంటే ఇలాంటి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకుని డబ్బులు గుంజేవి కూడా తిరుగుతుంటాయి. కాలిఫోర్నియాకే సొంతంగా ఆల్ఫా గామా సిగ్మా అని ఇంకోటి ఉంది. ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని గోడకి తగిలిస్తే పెద్ద ఉపయోగం లేదు. ప్రైవేట్ యూనివర్సిటీలకి, వేరే రాష్ట్రాలకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళు వాళ్ళ స్కాలర్‌షిప్‌ల లిస్ట్ తప్పకుండా చూడండి, అక్కడ పెట్టిన ఫీజు వెనక్కొస్తుంది.

కాలేజీకి ఫోన్ చేస్తే మా బాబు గురించి ఏమీ చెప్పడం లేదు. ఫీజు కట్టేది మేమే కదా!

ఫెర్పా అని 1974 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం అండి. కాలేజ్‌లో చేరిన రోజు నుంచి రికార్డుల మీద హక్కు పిల్లలది, వయసుతో పని లేదు, హైస్కూల్లో ఉంటూ కాలేజ్ క్లాస్ తీసుకుంటున్న పదహారేళ్ళ పిల్లకి కూడా ఆ క్లాస్ రికార్డు వరకు ఇదే వర్తిస్తుంది. బాబు రాతపూర్వకంగా ఒప్పుకుంటే చెప్తారు. ఫోన్‌లో ఆ గుమస్తా మీద కేకలేస్తే ఏమీ రాదు, ఆయన ఉద్యోగం ఆయనది. అడ్వైజర్‌కి ఫోన్ చేసి మా వాడిని క్లబ్‌లోంచి తీసేయండి అన్న తండ్రులు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ పిల్లాడు మళ్ళీ ఆ రూమ్‌లో తలెత్తుకోలేడు.

ఫుడ్ ప్యాంట్రీకి వెళ్తే ఏమన్నా సమస్యా?

కాలేజ్ ప్యాంట్రీ స్టూడెంట్ల కోసమే పెట్టింది, ఐడీ చూపించి తీసుకోవచ్చు. రాష్ట్రంలో ప్రతి కమ్యూనిటీ కాలేజీ 2022 జులైకల్లా బేసిక్ నీడ్స్ సెంటర్ పెట్టాలని చట్టం చేశారు, ప్యాంట్రీ, ఇల్లు దొరక్కపోతే సాయం, అన్నీ అక్కడే అడగొచ్చు. కాల్‌ఫ్రెష్ వేరే, అది తిండి ఖర్చుకి సాయం చేసే ప్రభుత్వ పథకం, ఎఫ్-1, హెచ్-4 వాళ్ళకి అర్హత లేదు, రెండూ కలిపేసుకోకండి. ప్యాంట్రీలో వాలంటీర్‌గా చేస్తే స్నేహితులు దొరుకుతారు, కందిపప్పు తెప్పించమని చెప్పే అవకాశం కూడా దొరుకుతుంది.

అన్నీ ఆన్‌లైన్ క్లాసులే తీసుకున్నా, నాకేమైనా ఉందా?

కొన్ని క్లబ్బులు జూమ్‌లో నడుస్తాయి. అయినా వారానికి ఒక్క క్లాస్ క్యాంపస్‌లో పెట్టుకోండి.

ఎన్ని క్లబ్బుల్లో ఉండాలి?

ఒకటి. సరే, రెండు. యూసీ అప్లికేషన్‌లో యాక్టివిటీలు, అవార్డులు, ఉద్యోగాలు అన్నీ కలిపి 20 దాకా రాయడానికి చోటుంది, అది చూసి 20 నింపాలేమో అని హడావిడి పడతారు. అక్కడ అడిగేది ఏం చేశావు, ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అని. పైగా వ్యాసాల్లాంటి ప్రశ్నలు నాలుగు ఉంటాయి, తొమ్మిది క్లబ్బుల్లో పేరున్నవాడికి ఆ నాలుగింటికీ రాయడానికి ఏమీ ఉండదు, ఒకే క్లబ్‌లో ట్రెజరర్‌గా ఉండి బడ్జెట్ కోత పడితే ఎలా నెట్టుకొచ్చాడో వాడికి రాయడానికి బోలెడు ఉంటుంది. ఇండియాలో డిగ్రీ చదివి వచ్చినవాళ్ళు ఎన్ఎస్ఎస్ గంటలు, ఊళ్ళో చేసిన ఏడు రోజుల క్యాంపు కూడా రాయొచ్చు, చాలామంది అది లెక్కలోకి రాదనుకుని వదిలేస్తారు.

నేను ట్రాన్స్‌ఫర్ అయిపోతున్నా, క్లబ్ ఎవరికి అప్పజెప్పాలి, ఎలా?

రెండేళ్ళకోసారి అందరూ మారిపోయే చోటు కాబట్టి ఇది వింటర్‌లోనే మొదలుపెట్టాలి, జూన్‌లో కాదు. కొత్త ఆఫీసర్లని ఎన్నుకుని ఒక టర్మ్ మీ పక్కన కూర్చోబెట్టుకోండి, అడ్వైజర్ ఉంటారా మారుతున్నారా అడగండి, పోయినేడాది ఈవెంట్ ఫారాలు, ఏ ఆఫీస్‌లో ఏ టైమ్‌కి వెళ్తే సంతకం దొరుకుతుందో అన్నీ ఒక డాక్యుమెంట్‌లో రాసి షేర్డ్ డ్రైవ్‌లో పెట్టండి. ఆ డ్రైవ్ మీ సొంత కాలేజ్ మెయిల్ మీద కాకుండా క్లబ్ మెయిల్ మీద ఉండాలి, కాలేజ్ వదిలాక మీ మెయిల్ ఆగిపోతే డ్రైవ్ కూడా దాంతోపాటే పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ లాగిన్‌కి ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంటే నంబర్ ఇప్పుడే మార్చేయండి, లేకపోతే మీరు శాన్ డియేగోలో మిడ్‌టర్మ్ రాస్తుంటే ఇక్కడ కొత్త ప్రెసిడెంట్ "అన్నా, కోడ్ వచ్చిందా" అని మెసేజ్‌లు పెడుతూనే ఉంటాడు.